జవాబివ్వనన్న రికార్డుల గది

నెట్‌వర్కు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. వచ్చినవాళ్ళని ఒక ప్రశ్న అడక్కుండా పంపను. "ఒకే స్విచ్చిలో రెండు వీల్యాన్లు పెట్టి, వాటి మధ్య దారి వేశావు. ఇటు నుంచి అటు వెళ్ళాల్సింది వెళ్తోంది. అటు నుంచి మాత్రం ఒక్క ముక్క రావడం లేదు. తప్పెక్కడుంది?" అంటాను. ఒకరు తీగ అంటారు, ఒకరు ఫైర్‌వాల్ అంటారు, తెలివైనవాడు స్విచ్చిని ఆపి మళ్ళీ వెయ్యమంటాడు. అందరివీ విన్నాక "హార్మోనియం శృతిలో" అంటాను. పెద్దాయనకి మతి తప్పుతోందనుకుని, కాఫీ మర్యాదగా పూర్తి చేసి వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను టెలిఫోన్ శాఖలో చాలాకాలం పనిచేసి, గడువుకి ముందే రిటైరై, నర్సీపట్నం శివార్లలో ఒక మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే పనికి కుదిరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. చదువుకునే రోజుల్నించీ నాకు డైరీ రాసే అలవాటు. ఏ తీగ ఏ రంధ్రంలో పెట్టానో ముందు పేజీల్లో రాసేవాణ్ణి. మనుషులు అన్న మాటలు వెనకవైపు నుంచి రాసేవాణ్ణి. ఉద్యోగం పొడుగునా వెనకవైపు పేజీలే ముందు అయిపోయేవి. పేర్లు మాత్రం ఇక్కడ రాయను. ఇప్పటికీ బీపీ మాత్రల కోసం అదే ఆసుపత్రికి వెళ్తున్నాను.

ఆసుపత్రిలో కింద ఓపీ పక్కన రికార్డుల గది, మేడమీద ల్యాబు. కింద గదికి పెద్ద ఒకాయన, పై గదికి పెద్ద ఇంకొకాయన. వీళ్ళని రికార్డులాయన, ల్యాబాయన అని పిలుస్తాను. ల్యాబాయన భార్య రికార్డులాయనకి స్వయానా అక్క. అంటే బావా, బావమరిదీ. ఇద్దరూ ఒకే చర్చిలో క్వయరు, అంటే పాటల బృందం. ల్యాబాయన హార్మోనియం వాయించేవాడు, రికార్డులాయన ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడు.

నేను చేరడానికి చాలా ముందే ఒక క్రిస్మస్ ఆరాధనలో ల్యాబాయన శృతి ఒక మెట్టు పైన పట్టాడట. పై చరణం దగ్గర రికార్డులాయన గొంతు సగంలో చీలి ఆగిపోయింది. ముందు బెంచీల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళని చూసి పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోడానికి దగ్గారు. "కావాలనే ఎక్కువ పట్టాడు" అని బావమరిది. "గొంతు లేనివాడికి ఏ శృతైనా ఎక్కువే" అని బావ. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. క్వయరు మాత్రం ఎవరూ మానలేదు. ప్రతి ఆదివారం ఆయన వాయించేవాడు, ఈయన పాడేవాడు. పాట కలిసేది, ముఖాలు కలిసేవి కావు.

మన ఇళ్ళల్లో ఇది వింత కాదు. మాటల్లేనివాళ్ళు గోడకి చెబుతారు, పక్కన కూర్చున్న పసిపిల్లకి చెబుతారు, వినాల్సిన మనిషి వింటాడు. కానీ వీళ్ళిద్దరి మధ్యా ఒక మేడ మెట్ల వరస ఉంది కాబట్టి గోడ సరిపోలేదు. ఆయమ్మ కావలసి వచ్చింది.

ఆయమ్మది రావికమతం వైపు. ఆసుపత్రిలో అందరికంటే పాత మనిషి. మేమందరం భయపడే సూపరింటెండెంటు డాక్టరమ్మగారిని "పాపా" అని పిలవగలిగిన ఒకే ఒక్క ప్రాణి. పరీక్ష రాసిన చీటీ పైకి పట్టుకెళ్ళడం, రిపోర్టు కిందకి తేవడం ఆమె పని. ఈ పని వేరేవాళ్ళకి అప్పజెప్పి చూశారు. వార్డుబాయి వెళ్తే పైనాయన "తర్వాత రా" అనేవాడు, నర్సమ్మ వెళ్తే కిందాయన "భోజనం టైము" అనేవాడు. ఆయమ్మ వెళ్తే మాత్రం ఇద్దరూ తీసుకునేవారు. ఎందుకో నాకు చేరిన కొత్తలోనే తెలిసింది.

ఆ రోజు నేను తీగ చుట్ట భుజాన వేసుకుని మేడమీదకి బయల్దేరాను. రికార్డుల గది గుమ్మంలో రికార్డులాయన ఆయమ్మకి చీటీలు ఇస్తున్నాడు.

"పైనున్న మహానుభావుడికి చెప్పు ఆయమ్మా. నిన్నటి రిపోర్టుల్లో రోగి వయసే లేదు. హార్మోనియం మెట్లు కనబడతాయి గానీ కాగితం మీద గళ్ళు కనబడవేటి అని అడుగు. కళ్ళజోడు తుడుచుకుని ఏడవమను."

"అలాగే బాబూ" అని ఆయమ్మ మెట్లెక్కింది. మలుపు దగ్గర మోకాలి మీద చెయ్యి వేసి ఆగింది. నేనూ ఆగాను. ల్యాబులోకి వెళ్ళాక ఆమె చెప్పింది ఇది:

"అయ్యగారూ, మీ బావమరిదిగారు వందనాలు సెప్పమన్నారండి. మీ కళ్ళెలాగున్నాయో కనుక్కోమన్నారు. నిన్న కాయితాల్లో వయసు పడలేదట. పని ఎక్కువైపోయి కళ్ళు అలిసిపోతన్నాయేమోనని ఒకటే బెంగ."

ల్యాబాయన సూక్ష్మదర్శిని మీంచి తలెత్తాడు. "వాడికి నా మీద బెంగా? ముందు వాడి గొంతు సంగతి చూసుకోమను. మొన్నాదివారం కప్ప అరిచినట్టుందని చెప్పు." అంటూనే వయసులన్నీ వరసగా రాసిచ్చేశాడు.

ఆయమ్మ కిందకి దిగింది. "మీ బావగారు మీ గొంతు గురించి అడిగారండి. మిరియాల పాలు తాగమన్నారు."

రికార్డులాయన రిపోర్టులు అందుకున్నాడు. "దిగొస్తున్నాడన్నమాట" అన్నాడు మెల్లగా. "రానీ. పూర్తిగా దిగిరానీ. అప్పుడు చూద్దాం."

ఆయమ్మని మెట్ల కింద పట్టుకున్నాను. "వాళ్ళన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"ఉన్నదున్నట్టు మోసుకెల్తే మోకాళ్ళు ఇంకా నొప్పెడతాయి బాబూ" అంది.

కంప్యూటర్లు వచ్చాక ఆయమ్మకి తెలియకుండా ఒక దొడ్డిదారి ఏర్పడింది. మొదట్లో అన్నిటినీ ఒకే స్విచ్చికి, అంటే తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెకి, విడి విడి వాడలు లేకుండా కలిపేశాను. అలా కలిపితే అందరూ ఒకే వీధిలో ఉన్నట్టు. ఎవరి ప్రింటరుకైనా ఎవరైనా కాగితం పంపొచ్చు. ఈ సంగతి ఎవరు కనిపెట్టారో గానీ, ఒకరోజు రికార్డుల గది ప్రింటరులోంచి ఎవరూ అడగని కాగితం వచ్చింది. ఇంత లావు అక్షరాల్లో స రి గ మ ప ద ని. కింద "నేర్చుకోగోరువారికి" అని ఉంది. మర్నాడు ల్యాబు ప్రింటరులోంచి ఒక కళ్ళజోడు బొమ్మ వచ్చింది, పేజీ నిండా. తర్వాత కొన్నాళ్ళు కాగితం బాగా ఖర్చయింది.

చివరికి ఒక సరిగమల కాగితం గొలుగొండ నుంచి వచ్చిన ఒక రైతు ఫైల్లో పడి, పిన్నుతో సహా డాక్టరమ్మగారి బల్ల మీదకి చేరింది. రైతు చేతులు కట్టుకుని "ఏటుందమ్మా రిపోట్లో? పెద్ద జబ్బేనా?" అని అడిగాడట.

మేడమ్ నన్ను పిలిచారు. "వీళ్ళిద్దర్నీ వెంటనే విడగొట్టండి."

"మనుషులనా మేడమ్?"

"అది దేవుడి వల్లే కాలేదు. కంప్యూటర్లని."

విశాఖపట్నం డీలరు మాకు అంటగట్టిన స్విచ్చి మా అవసరానికి మించినది. అంత మంచిదెందుకని నేనే గొణుక్కున్నాను గానీ, అప్పుడు పనికొచ్చింది. పైకి పెట్టె ఒకటే అయినా లోపల దాన్ని రెండు వాడలుగా కోయొచ్చు. దాన్నే వీల్యాన్ అంటారు. ఈ వాడలో వేసిన కేక ఆ వాడలో వినబడదు. ల్యాబు తీగలన్నీ ఒక వాడలో, రికార్డులూ ఓపీ తీగలు ఇంకో వాడలో పెట్టాను. ప్రింటర్లు బుద్ధిమంతులైపోయాయి. ల్యాబాయన నా దగ్గరికొచ్చి "వాణ్ణి బలే గెంటేసారండీ" అని చెయ్యి కలిపాడు. సాయంత్రం రికార్డులాయన కూడా వచ్చి అదే మాట, అదే కరచాలనం. ఇద్దరికీ "నాదేముందండీ" అన్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. రిపోర్టు చీటీల మీద కాకుండా నేరుగా ఓపీ తెర మీద కనబడాలని మేడమ్ అన్నారు. రిపోర్టులు దాచే పెద్ద కంప్యూటరు రికార్డుల గదిలో ఉంది. ల్యాబు వాటిని అందులో పడేయాలి. అంటే గోడ కట్టమన్న నోటితోనే ఇప్పుడు గుమ్మం పెట్టమంటున్నారు.

దీనికి మేడమ్ కన్నా తొందరపడ్డది ఆయమ్మ. దుప్పట్ల గది చూసుకునే ఆవిడ పని మానేస్తోంది. కింద అంతస్తు, నీడపట్టున పని, దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చోవచ్చు. ఆ గది ఆయమ్మకే ఇవ్వాలని మేడమ్ మనసు. కానీ ఆయమ్మ కూర్చుంటే మెట్లెక్కేదెవరు? మేడమ్ నా ముందే తేల్చి చెప్పారు. "మన్యం వాళ్ళకి పెట్టే వైద్య క్యాంపు రోజున రిపోర్టులు తెర మీదికి వచ్చాయా, ఆయమ్మకి దుప్పట్ల గది. రాలేదా, ఆసుపత్రి ట్రస్టువాళ్ళు పంపే మనిషి ఆ కుర్చీలో కూర్చుంటుంది. నేను ఆపలేను. ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ మెట్లెక్కాల్సిందే."

అప్పట్నించి ఆయమ్మ నేనెక్కడ కనబడితే అక్కడ నిలదీసేది.

"బాబూ, నీ గుమ్మం అయిందేటి?"

"అవుతోంది ఆయమ్మా."

"బేగి కానీ. ఆ గదిలో కుర్చీకి చేతులున్నాయి. ఆనుకోడానికి." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు మెరిసేవి.

పని మరీ కష్టమైంది కాదు. స్విచ్చికి ఒక్కో వాడలో ఒక్కో చిరునామా ఇవ్వాలి. అదే ఆ వాడకి గుమ్మం. ఈ గుమ్మం దగ్గర తీసుకున్నది ఆ గుమ్మం దగ్గర దించమని స్విచ్చికి ఒక ఆజ్ఞ ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి కంప్యూటరుకీ "వాడ దాటి వెళ్ళాల్సింది ఏదైనా ఉంటే ఈ గుమ్మంలో ఇవ్వు" అని చెప్పి పెట్టాలి. దాన్ని గేట్‌వే అంటారు. అది కంప్యూటరులో ఒక గడిలో రాసే అంకె, అంతే. నేను అన్నీ కాగితం మీద గీసుకుని, ఒక్కొక్కటే చేసి, పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. నాకు తొందరపాటు పనికిరాదు.

ఇద్దరు పెద్దమనుషులకీ వేరువేరుగా పాఠం చెప్పాను. అది నా సరదా. ల్యాబాయనతో అన్నాను: "స్విచ్చి మన ఆయమ్మ లాంటిదండీ. మీరు ఆమెకి ఇస్తారు, ఆమె అటు ఇస్తుంది. ఆయమ్మ ఎక్కడ నిలబడి ఉంటుందో మీ కంప్యూటరుకి చెప్పడమే గేట్‌వే."

"ఇచ్చింది ఇచ్చినట్టే ఇస్తాదా?"

"అక్షరం మారదండీ."

"అయితే ఆయమ్మ కంటే నయమే. ఆమె సగం మింగేస్తాది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అడిగి ఉండాల్సింది.

రికార్డులాయనకీ అదే చెప్పాను. అంకె ఏ గడిలో ఉంటుందో తెర మీద చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఈ గుమ్మం లోంచే నా దగ్గర్నించి అటు కూడా వెళ్తాదా?"

"వెళ్తుందండీ."

"ఆయన పంపింది నేను తీసుకోవాలి. మేడమ్ ఆర్డరు. బాగుంది. నేను ఆయనకి ఏదైనా పంపాలని ఆర్డరుందేటండీ?"

"లేదండీ."

"సరే" అన్నాడు, చాలా ప్రశాంతంగా. నేను పైనుంచి ఒక రిపోర్టు పంపి చూశాను. కింద తెర మీద పడింది. టిక్కు పెట్టుకుని ఇంటికి పోయాను. పని అయిపోయిందని ఎవరూ అడక్కుండానే మా ఇంట్లో చెప్పాను కూడా.

క్యాంపు రోజు పొద్దున్నే మన్యం నుంచి జీపులు దిగాయి. ఓపీ వరండా నిండిపోయింది. మేడమ్ తెర ముందు కూర్చున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక నిలబడ్డాను. ల్యాబులోకి రక్తాలు వెళ్తున్నాయి. తెర ఖాళీగా ఉంది. మేడమ్ తెర వంక చూశారు, తర్వాత నా చొక్కా వంక చూశారు.

పైకి పరిగెత్తాను. ల్యాబాయన చేతులు పైకెత్తేశాడు. "నేను పంపుతూనే ఉన్నానండీ. అటు కంప్యూటరు దొరకట్లేదంటోంది. నా తప్పేటీ లేదు, కావాలంటే చూసుకోండి." తప్పు ఎవరిదో ఆయన అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. ముఖంలో తెలుస్తోంది.

కింద మేడమ్ "చీటీలు మొదలుపెట్టండి" అనడం వినబడింది. మెట్ల మీద ఆయమ్మ అడుగుల చప్పుడు మొదలైంది.

వరసగా చూసుకుంటూ వచ్చాను. స్విచ్చి నుంచి ల్యాబుని పిలిచాను, పలికింది. స్విచ్చి నుంచే రికార్డుల కంప్యూటరుని పిలిచాను, అదీ పలికింది. ల్యాబు నుంచి అవతలి వాడ గుమ్మాన్ని పిలిచాను, నిక్షేపంలా పలికింది. ల్యాబు నుంచి గుమ్మం దాటి రికార్డుల కంప్యూటరుని పిలిస్తే మాత్రం నిశ్శబ్దం. అంటే ఆ కంప్యూటరు బతికే ఉంది. తన వాడలో వాళ్ళు పిలిస్తే జవాబు చెబుతోంది. వాడ అవతలి నుంచి పిలిస్తే వింటోంది గానీ మొహం తిప్పేసుకుంటోంది. ఇలాంటి ప్రవర్తన నేను యంత్రాల్లో ఎప్పుడూ చూడలేదు. మనుషుల్లో చూశాను. ఇంక స్విచ్చిని ముట్టుకోకుండా నేరుగా రికార్డుల గదికి నడిచాను.

"గేట్‌వే అంకె తీసేశారా?"

రికార్డులాయన ఏమాత్రం తొణకలేదు. "పొద్దున్నే తీసీసానండి."

"ఎందుకండీ!"

"మీరే గదా చెప్పారు, అది అటు పోడానికి గుమ్మం అని. ఆయన పంపింది తీసుకోడానికి నేను రెడీ. నా దగ్గర్నించి అటు ఒక్క ముక్క కూడా వెళ్ళక్కర్లేదు. అక్కర్లేని గుమ్మం తెరిచి ఎందుకుంచాలి? మూసీసాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అలా కుదరదండీ. కంప్యూటర్లు ఊరికే పడేసి పోవు. ముందు అటువైపుది 'ఉన్నావా?' అంటుంది. మీది 'ఉన్నాను' అనాలి. అది ఒక ముక్క ఇస్తుంది. మీది 'అందింది' అనాలి. అనకపోతే ఇంక ఇవ్వదు."

"అంటే ఆయనకి నేను జవాబివ్వాలా?"

"మీరు కాదు, మీ కంప్యూటరు."

"నా కంప్యూటరు నా తరఫున మాట్లాడితే నేను మాట్లాడినట్టే గదండీ. రేప్పొద్దున్న ఆయన 'మీ వాడే ముందు పలికాడు' అని మా అక్క దగ్గర అనడా?"

అప్పుడే గుమ్మం బయట ధబ్బుమని చప్పుడైంది. మెట్ల మలుపులో ఆయమ్మ చతికిలబడింది. చేతిలో చీటీలు అలాగే ఉన్నాయి. జనం పక్కనుంచి తప్పుకుని ఎక్కుతున్నారు.

రికార్డులాయన గబగబా బయటికొచ్చాడు. "ఏటైంది ఆయమ్మా? లే, లే."

"లెగనేను బాబూ. మోకాలు రానంతంది. నన్నిక్కడే ఒగ్గీండి. ఆ కుర్చీలోకి ఎవురో వచ్చీసి కూకుంతారు. నాను ఈ మెట్టు మీదే ఉండిపోతాను. వచ్చీవోళ్ళకి పోయీవోళ్ళకి అడ్డం" అంది ఆయమ్మ, అందరికీ వినబడేలా.

ఆయన ఆమె వంక చూశాడు. మేడ వంక చూశాడు. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు.

"నిజం చెప్పండి. 'అందింది' అంటాది. అంతేనా?"

"అంతేనండీ."

"'థాంక్యూ' అనదు గదా?"

"అనదండీ."

"'బాగున్నారా' అని గానీ, 'బావగారూ' అని గానీ?"

"అలాంటివేవీ దానికి రావండీ."

"'అందింది.' అంతే."

"అంతే."

 అప్పుడు కుర్చీ లాక్కుని, నేను చూపించిన గడిలో అంకె తనే కొట్టాడు. ఒక్కో మీటనీ అది తనకి బాకీ ఉన్నట్టు గుద్దాడు. ఓపీ లోంచి మేడమ్ గొంతు వినబడింది: "వచ్చింది! ఇంకోటి వచ్చింది!"

మెట్ల మలుపులో ఆయమ్మ లేచింది. ఆమె లేచిన వేగం చూసి ఆ మోకాలి మీద నాకొక అనుమానం కలిగింది. రాత్రి డైరీలో వెనకవైపు రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పిల్లలకి ఈ కథలో నేను చెప్పే పాఠం చిన్నదే. వెళ్ళే దారి వేసి చేతులు దులుపుకోకండి. తిరిగొచ్చే దారి అవతలి వాడి చేతిలో ఉంటుంది. అవతలి వాడికి ఎవరి మీద కోపమో ముందు కనుక్కోండి. పుస్తకాల్లో ఇది రాయరు.

ఆయమ్మ దుప్పట్ల గదిలో చేరింది. మెట్ల మీద ఆమె అడుగులు ఆగిపోయాయి. అక్కడితో అయిపోతే ఇది రాయాల్సినంత కథ కాదు.

ఆ కంప్యూటర్లలో ఒకరి తెర మీదకి ఒకరు చిన్న సందేశం పంపే వీలు ఉండేది. చదివేదాకా తెర మధ్యలో అలాగే నిలబడేది. ల్యాబాయనకి ఎవరు నేర్పారో నేర్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి కిందకి పంపాడు. "పంపిన రిపోర్టులు తెరిచావా, లేక క్వయరులో లాగే సగంలో ఆగిపోయావా?"

ఆయమ్మ చేతిమీదుగా వచ్చి ఉంటే అది "వందనాలు, రిపోర్టులు అందాయా అని అడగమన్నారు" అయి ఉండేది. ఆయమ్మ లేదు. స్విచ్చి అక్షరం మార్చదు. రికార్డులాయన అది చదివి, కుర్చీ వెనక్కి తన్ని, ఎన్నేళ్ళుగానో ఎక్కని మెట్లు ఒక్క ఊపులో ఎక్కేశాడు. నేను వెనకే వెళ్ళాను. చూడకపోతే ఎలా?

"ఏటయ్యా నీకు? ఇన్నాళ్ళూ వందనాలు పంపినోడివి, ఇవాళ ఏటొచ్చింది?"

"వందనాలా? నేనా? నీకా?"

"మిరియాల పాలు తాగమన్లేదా?"

"నీ గొంతు కప్పలాగుందన్నాను!"

"మా అక్క పెట్టిన ఆవకాయ నువ్వు పంపలేదా?"

"అది ఆయమ్మ అడిగితే ఇచ్చాను, వాళ్ళింటికని. మరి నువ్వు నాకు పంపిన జీడిపప్పో?"

"ఎవడు పంపాడు? తోటలో పప్పు ఆయమ్మకిచ్చాను, మనవలకని!"

ఇద్దరూ ఒక్కసారే ఆగారు. వరండాలో జనం మూగారు. మేడమ్ పైకొచ్చి ఇద్దర్నీ గదుల్లోకి తోలి, నాతో అన్నారు: "రిపోర్టులు వెళ్ళనివ్వండి. మాటలు ఆపేయండి. మీ పెట్టెకి ఆ తెలివి ఉందా?" ఉంది. సాయంత్రంలోగా రెండు గుమ్మాల దగ్గరా కాపలా పెట్టాను. రిపోర్టులకి దారి, సందేశాలకి దారి లేదు.

మర్నాడు దుప్పట్ల గదికి తీగ లాగమంటే వెళ్ళాను. ఆయమ్మ చేతులున్న కుర్చీలో ఆనుకుని దుప్పట్లు మడత పెడుతోంది. నేను బల్ల కింద దూరి ఉండగా రికార్డులాయన వచ్చాడు. వెనకే, ఆయన వచ్చినట్టు తెలియకనో తెలిసో, ల్యాబాయన. ఒకరు ఈ గోడకి, ఒకరు ఆ గోడకి నిలబడ్డారు. ఇన్నాళ్ళూ మాటలు మోసుకుని ఆయమ్మ తిరిగింది. ఇప్పుడు ఆయమ్మ కూర్చుంది, మాటలే నడుచుకుంటూ వచ్చాయి.

"ఇన్నేళ్ళూ మాకు అబద్ధాలు చెప్పావా ఆయమ్మా?" అన్నాడు రికార్డులాయన. "కప్ప గొంతన్నాడట. నువ్వు మిరియాల పాలన్నావు."

"కప్ప గొంతుకి మందు మిరియాల పాలే గదా బాబూ."

నేను బల్ల కింద నవ్వు బయటికి రాకుండా నోరు మూసుకున్నాను.

"సరే. ఆయన్నొక మాట అడుగు. ఆ క్రిస్మస్‌కి శృతి కావాలని పైన పట్టాడా, లేదా?"

"కావాలని పట్టలేదని చెప్పు ఆయమ్మా" అన్నాడు ల్యాబాయన. "హార్మోనియంలో ఆ మెట్టు ఆ పొద్దు పలకలేదు. ఎలకలు దాని లోపలి రేకు ఊడగొట్టేసాయి. పలికినదాన్ని పట్టుకున్నాను. అది చెబుదామని వస్తే వాడు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు."

 ఆయమ్మ దుప్పటి దులిపింది.

"బాబూ, మీరా పొద్దు బాగా పాడారంతన్నారు మీ బావగారు" అంది రికార్డులాయనతో.

"నేనెప్పుడన్నాను?" అన్నాడు ల్యాబాయన.

"అనకపోతే ఇపుడనండి. బేగి. ఇంకా తలగడ గలీబులు మడతెట్టాల."

ల్యాబాయన అటూ ఇటూ చూశాడు. దారి దొరక్క, దొంతరగా పేర్చిన దుప్పట్లతో అన్నాడు: "పై చరణం దాకా బాగానే పాడాడు."

రికార్డులాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.  నేను బల్ల కిందే తీగ పట్టుకుని ఆగిపోయాను.

"అందింది" అన్నాడు, కిటికీతో.